టేపక్క చెప్పని సారీ

గిటార్ల దుకాణం వెనక గదిలో, కిటికీ కింద బల్ల దగ్గర కూర్చునే ఆమెను అందరూ టేపక్క అంటారు. ఆమెకు గిటారు వాయించడం రాదు. ఏ తీగ ఎలా పలుకుతుందో తెలియదు. అయినా ఆ ఊళ్ళో గిటారు వాయించేవాళ్ళలో సగం మంది కాళ్ళ కింద ఉండేది ఆమె చేతిపనే.

గిటారు గొంతు మార్చే చిన్న చిన్న ఇనప పెట్టెలుంటాయి. వాటిని పెడల్స్ అంటారు. కాలితో నొక్కితే ఒకటి గొంతు బొంగురు చేస్తుంది, ఒకటి లోయలో అరిచినట్టు మారుమోగిస్తుంది, ఇంకొకటి నీళ్ళ అడుగు నుంచి పాడిస్తుంది. అలాంటివి ఏడెనిమిదింటిని ఒక పలక మీద జారకుండా, ఊడకుండా రెండు ముక్కలూ ఒకదాన్నొకటి కరిచి పట్టుకునే వెల్క్రో టేపుతో నిలబెట్టడం ఆమె పని. వాటి ముఖాలనీ రంగులనీ లైట్లనీ లోకమంతా చూస్తుంది. ఆమె మాత్రం వాటి పొట్టలు చూస్తుంది.

అంతకుముందు పదమూడేళ్ళు సంచుల కార్ఖానాలో బ్యాగులకు వెల్క్రో కుట్టింది. దుకాణం ఓనరు గిటారు సంచులు అక్కడే కుట్టించేవాడు. కార్ఖానా మూతబడ్డ నెలకే ఆమెను వెతుక్కుంటూ, లాండ్రీ మీద ఉన్న రెండు గదుల ఇంటికి వచ్చాడు. "ఇన్నేళ్ళలో మీరు కుట్టిన పట్టీ ఒక్కటీ ఊడలేదమ్మా" అన్నాడు. ఆ ఒక్క మాటకే ఆమె పనికి ఒప్పుకుంది.

ఆమె పద్ధతి ఆమెది. వేడిగాలి పట్టి, పెడల్ కింది రబ్బరు కాళ్ళను మెత్తబరిచి ఊడదీస్తుంది. స్పిరిట్ గుడ్డతో తుడుస్తుంది. తొందరగా ఆరాలని నోటితో ఊదదు, ఊపిరిలో తడి ఉంటుందని. గరుకు టేపు పెడల్ పొట్టకి, మెత్త టేపు పలకకి. ఎప్పుడూ తిరగేయదు. ఒకరి పెడల్ ఇంకొకరి పలక మీద కూర్చోవాలంటే అందరికీ ఒకటే పద్ధతి ఉండాలి మరి. టేపు ముక్కల మూలల్ని గుండ్రంగా కత్తిరిస్తుంది, మొనదేలిన మూల ముందుగా లేస్తుంది కాబట్టి. ఆ తర్వాత ఒక రోజంతా బరువు కింద ఉంచుతుంది. ఎవరైనా తొందరపెడితే, "జిగురు నిద్రపోవాలి బాబూ, లేపకు" అంటుంది. మర్నాడు పెడల్‌ని పలక మీద పెట్టి అదిమినప్పుడు, వేల కొక్కేలు వేల దారపు ఉచ్చులను వెతికి పట్టుకుంటాయి. సన్నటి గరగర ఒకటి అరచేతిలోకి ఎక్కుతుంది. చీకట్లో ఎక్కడో వాన మొదలైనట్టు ఉంటుంది.

ఇంత చేస్తే లోకం అనేదేమిటి? "అంటించడమే కదా!"

ఆ మాట వింటే ఆమెకు ఒళ్ళు మండుతుంది. ఇంట్లో అత్తగారు పక్కింటావిడతో, "మా కోడలు డబ్బాలకు స్టిక్కర్లంటిస్తుంది" అని చెబుతుంటే వంటగదిలో గిన్నెలు మోగుతాయి. దుకాణంలో ఎవరైనా అంటే కత్తెర మోగుతుంది.

ఆ సోమవారం పొద్దున మీసాల గిటారిస్టు వచ్చాడు. ఊళ్ళో పేరున్న పాటల బృందంలో వాయిస్తాడు. పెడల్ పలకను తువ్వాలులో చుట్టి, దెబ్బ తగిలిన పిల్లవాణ్ణి మోసుకొచ్చినట్టు తెచ్చాడు. వెనక గదిలోకి రాకుండా ముందు గదిలోనే ఓనరు ముందు పెట్టాడు. తలుపు తీసే ఉంది. మాటలన్నీ వినపడుతున్నాయి.

"నిన్న షోలో పరువు పోయింది సార్. పాట మధ్యలో పెడల్ ఊడింది. స్టేజీ మీంచి జారి ముందు వరసలో ఓ పెద్దాయన ఒళ్ళో పడింది. వైరు తెగి గిటారు మూగబోయింది. ఆయనేమో ఏదో బహుమతి అనుకుని అందరికీ చూపిస్తున్నాడు. మా మేడం అయితే పాట ఆపేసి నావైపే చూసింది. ఈవిడ అంటించినదే సార్!"

మొన్నటిదాకా 'అక్కా' అన్న నోరు. ఈవేళ 'ఈవిడ' అయింది.

ఓనరు లోపలికి వచ్చి ఒక్క ముక్క అడగలేదు. పలకను తిప్పి చూడలేదు. నేరుగా ఫోను తీసి బృందం నడిపే గాయనికి చేశాడు. "నమస్కారమమ్మా. మా టేపక్క తరఫున నేను సారీ చెబుతున్నాను. పొరపాటైపోయిందని ఆవిడ కూడా చాలా బాధపడుతోంది. ఇకమీదట జరగదు."

టేపక్క చేతిలో కత్తెర ఆగిపోయింది. బాధపడుతోందట! ఎవరు?

ఆమె లేచి ముందు గదిలోకి వచ్చింది.

"సార్, నా నోట్లోంచి రాని మాట మీరెలా చెప్పారు?"

"ఒక్క మాటే కదమ్మా. పెద్ద కస్టమరు."

ఆమె తువ్వాలు లాగేసి, పలకను రెండు చేతులతో ఎత్తి తలకిందులు చేసి దులిపింది. ఓనరు "అయ్యో, అయ్యో" అంటూ కింద చేతులు చాచాడు. గోడ దగ్గర గిటారు చూసుకుంటున్న ఇద్దరు కస్టమర్లు ఇటు తిరిగారు. పలక మీద ఏడు పెడల్స్. ఏడూ గబ్బిలాల్లా వేలాడాయి. ఒక్కటి కదిలితే ఒట్టు.

"ఇవి నేనంటించినవి. ఊడిందేదీ? అది తియ్యండి."

గిటారిస్టు భుజాన ఉన్న సంచిలో చెయ్యి పెట్టి చాలాసేపు వెతికాడు. అంత చిన్న సంచిలో అంతసేపు ఏం వెతికాడో. చివరికి ఎనిమిదో పెడల్ బయటికొచ్చింది. ఆమె దాని పొట్ట తిప్పి అందరికీ కనపడేలా పట్టుకుంది. రబ్బరు కాళ్ళు నాలుగూ అలాగే ఉన్నాయి. వాటి మీదుగా వంతెన వేసినట్టు ఒక టేపు ముక్క. నాలుగు మూలలూ కత్తి మొనల్లా ఉన్నాయి. సగం లేచిన జిగురులో ఎవరిదో తల వెంట్రుక.

"రబ్బరుకి జిగురు పడుతుందా? ఇది నా పనా? నా కత్తెర ఇలా కోస్తుందా?"

"అది... కొత్తగా కొన్నానక్కా. షోకి టైం లేదు. అంటించడమే కదా అని నేనే..."

'అక్కా' తిరిగొచ్చింది. గోడ దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. ఓనరు కూడా తేలికపడి నవ్వాడు. "హమ్మయ్య! తేలిపోయిందిగా. ఇక వదిలెయ్యమ్మా. వెళ్ళి పని చూసుకో."

"ఏం తేలింది సార్? నా పేరు మీద వెళ్ళిన సారీ అక్కడే ఉంది. దాన్ని వెనక్కి తీసుకోండి."

"సారీ వెనక్కి తీసుకోవడమేంటి? అదేమన్నా వాడని గిటారా, వాపసు తీసుకోవడానికి?"

"నేను ఇవ్వనిది మీరిచ్చారు. మీరే తెచ్చుకోండి."

"ఇప్పుడు మాట మారిస్తే ఆవిడ నన్నేమనుకుంటుంది?"

"ఓహో. నన్నేమనుకున్నా పర్లేదన్నమాట!"

ఆమె వెనక్కి వెళ్ళి కుర్చీలో కూర్చుంది. కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. అరలో మూడు పలకలు ఎదురుచూస్తున్నాయి, ఇవాళ అంటిస్తేనే రేపటికి ఇవ్వగలిగేవి. వాటివైపు చూడనైనా లేదు.

కార్ఖానాలో ఒక్కోసారి పుచ్చిపోయిన దారం వచ్చేది. బ్యాగులు తిరిగొచ్చిన ప్రతిసారీ సూపర్‌వైజరు వరసంతటినీ నిలబెట్టి "మా తప్పే" అనిపించేవాడు. పదమూడేళ్ళలో ఎన్నిసార్లు అందో ఆమెకు లెక్క లేదు. సూదిలోంచి దారం జారినంత సుళువుగా గొంతులోంచి ఆ మాట జారిపోయేది. అప్పుడు ఏమీ అనిపించలేదు. ఇప్పుడు ఆ మాటలన్నీ ఒక్కసారే వచ్చి గొంతుకు అడ్డం పడ్డాయి. గరుగ్గా, కొక్కేలతో.

ఓనరు గుమ్మంలో నిలబడి కాసేపు ఆమెనీ, కాసేపు అరలోని పలకలనీ చూశాడు. నిట్టూర్చి ఫోను తీసి, అందరికీ వినపడేలా పెట్టాడు.

"అమ్మా, మళ్ళీ నేనే. ఇందాకటి సారీ ఉంది చూశారూ... అది మా టేపక్కది కాదమ్మా."

"కాదా? మరెవరిది?" గాయని గొంతు.

ఓనరు గిటారిస్టు వైపు చూశాడు. గిటారిస్టు పైకప్పు వైపు చూశాడు.

"ఎవరిదండీ? లైన్లో ఉన్నారా?"

"నాదే మేడం" అన్నాడతను మీసాల్లోంచి. "ఆ పెడల్ నేనే అంటించాను."

అవతల గాయని గొంతు పెరిగింది. "అయితే నిన్న అందరి ముందూ ఆవిడ పేరెందుకు చెప్పావు?"

అతను తువ్వాలు మడతపెట్టడం మొదలుపెట్టాడు.

"ఒకసారి ఆవిడకి ఫోనివ్వండి" అంది గాయని.

టేపక్క అప్పటికే కళ్ళద్దాలు పెట్టుకుంది. అరలోంచి ఒక పలక దించింది. ఓనరు ఫోను తెచ్చి ఆమె చెవి దగ్గర పెట్టబోతే తల పక్కకు తిప్పింది.

"చేతులు ఖాళీ లేవని చెప్పండి సార్."

గరుకు ముక్కను ఒక పెడల్ పొట్టకు ఆనించి బొటనవేలితో అదిమింది. జిగురు పట్టడానికి ముప్ఫై లెక్కపెడితే చాలు. ఆమె వంద దాకా లెక్కపెట్టింది.