జరగలేదన్న మీటింగు

లింగమ్మకు కలలు ఎక్కువ. మాణికేశ్వర్ నగర్‌లో పొద్దున్నే నల్లా దగ్గర బిందెలు వరుసకు పెట్టి, ఆడవాళ్లు ఆమె చుట్టూ చేరేవారు. రాత్రి ఏం కలొచ్చిందో చెప్పమనేవారు. ఆర్ట్స్ కాలేజీ రాళ్లన్నీ ఒక్కొక్కటే లేచి మేకల మందలా తార్నాక వైపు నడిచిపోయాయని చెప్పేది. మల్కాజ్‌గిరి స్టేషన్లో ఆగిన రైలు నిండా మల్లె అంటుమొక్కలే ఉన్నాయనీ, వాటిని కూడా టికెట్ అడిగారనీ ఇంకోరోజు చెప్పేది. అందరూ పగలబడి నవ్వేవారు. ఆమె కూడా నవ్వేది గాని, చెప్పేటప్పుడు మాత్రం ఆమె చూపు ఆ బస్తీలో ఉండేది కాదు.

పెళ్లయి బస్తీకి వచ్చిన నాటి నుంచీ యూనివర్సిటీ క్యాంపస్‌లో మొక్కలకు నీళ్లు పోయడమే ఆమె పని. తెల్లవారి మంచులో బండరాళ్లు, సీతాఫలం పొదలు, దూరంగా కాలేజీ కట్టడం, అన్నీ సగం సగం కనిపించేవి. నేల నీళ్లు తాగే చప్పుడు వింటూ ఆమె మొక్క నుంచి మొక్కకు నడిచేది. తను పోసిన నీళ్లకే పెరిగిన తురాయి చెట్ల కింద కుర్రాళ్లు కూర్చుని చదువుకుంటుంటే, ఆ నీడ తన ఇంటిదే అన్నట్టు మురిసిపోయేది.

కానీ ఆమెతో పాటే పనిలో చేరిన మగవాళ్లు పర్మనెంటు మాలీలయ్యారు. వాళ్లకు ఖాకీ బట్టలొచ్చాయి, జ్వరమొస్తే సెలవొచ్చింది. ఆడవాళ్లు రోజుకూలీలుగానే మిగిలారు. పక్కింటి లచ్చవ్వ కాన్పుకు వెళ్లి తిరిగొచ్చేసరికి ఆమె చోట ఇంకొకరు పార పట్టుకుని ఉన్నారు.

తార్నాకలో ఉండే లెక్చరర్ అరుంధతి ఆ సంగతి విని ఊరుకోలేకపోయింది. కోస్తా నుంచి వచ్చిన మనిషి. ఆడవాళ్లకు సమాన హక్కులు కావాలని కొందరితో కలిసి ఒక సంఘం నడుపుతోంది. ఎవరెవరికో అర్జీలు పెట్టి, చివరికి ఈ పోస్టుల సంగతి చూసే సర్కారు ఆఫీసరు సుబ్బరాయుడు గారిని కలిసే వీలు సంపాదించింది. మొక్కల పనివాళ్ల తరఫున లింగమ్మను వెంట తీసుకెళ్లింది.

ఆ గది లింగమ్మకు చెరువు అడుగున ఉన్నట్టు తోచింది. ఆకుపచ్చ తెరలు మెల్లగా కదులుతున్నాయి. పైన ఫ్యాను తిరుగుతోంది. సుబ్బరాయుడు గారు మర్యాదగా కూర్చోబెట్టి, చెప్పిందంతా విన్నారు.

"మీరడిగింది న్యాయమే. ఆడవాళ్లకూ పోస్టులు ఇమ్మని పైకి రాస్తాను" అన్నారు. లేవబోతుంటే గొంతు తగ్గించారు. "మనం కలిసినట్టు మాత్రం బయట అనకండి. ఇక్కడి మాట ఇక్కడే ఉండాలి."

అరుంధతి సరేనంది. బస్సు కోసం నిలబడ్డప్పుడు లింగమ్మ అడిగింది.

"ఎందుకు చెప్పొద్దు మేడమ్? మనమేమన్న దొంగతనానికి పోయినమా?"

"పని కావాలంటే కొన్నాళ్లు ఓపిక పట్టాలి లింగమ్మా."

లింగమ్మకు అది మింగుడుపడలేదు. ఎవరి కోసం వెళ్లిందో వాళ్లకే చెప్పకపోతే ఎలా? మర్నాడు నల్లా దగ్గర అంతా చెప్పేసింది. తెరలు, ఫ్యాను, ఆఫీసరు ఇచ్చిన మాట, అన్నీ.

ఆ కబురు మాలీల మేస్త్రి ఇన్నయ్య చెవిన పడింది. అతను నేరుగా ఆఫీసుకే వెళ్లి కనుక్కుని వచ్చాడు. నల్లా దగ్గర నిలబడి అందరూ వినేట్టు చెప్పాడు.

"గసొంటి మీటింగు కానే కాలేదట. సారే చెప్పిండు. మన లింగమ్మకు ఇంకో కల వడ్డట్టున్నది!"

నవ్వులు లేచాయి. ఈసారి లింగమ్మ నవ్వలేకపోయింది. లచ్చవ్వ పక్కకు పిలిచి, "నిజం చెప్పు అక్కా, పోయినవా? కల గన్నవా?" అంది.

లింగమ్మ అటునుంచి అటే తార్నాకకు నడిచింది. అరుంధతి ఆమెను లోపలికి పిలవకుండా తలుపు దగ్గరే నిలబడింది.

"ఇప్పుడు మనం వెళ్లామని నేనంటే, ఆయన చేద్దామనుకున్నది కూడా చెయ్యరు. నా మాట విను" అంది.

చూసిన ఒక్క మనిషీ చెప్పనంటే, ఇక మిగిలింది తన కళ్లే. ఆ కళ్లు ఎన్ని చూడలేదు! మధ్యాహ్నం ఎండలో పైపు పట్టుకుని నిలబడితే ఆకుపచ్చ తెరలు మళ్లీ కదిలేవి. నడిచిపోయిన రాళ్లూ, టికెట్ లేని మల్లె అంట్లూ కూడా ఆ తెరల వెనకే కనిపించేవి. ఏది ఎటు వైపుదో తెలిసేది కాదు. పొద్దున నల్లా దగ్గర మాట్లాడటం మానేసింది. బిందె నింపుకుని తల వంచుకుని వెళ్లిపోయేది. తను వెళ్లలేదేమోనని తనకే అనిపించిన రోజులున్నాయి.

వానలు మొదలయ్యాక క్యాంపస్‌లో వనమహోత్సవం పెట్టారు. మొక్క నాటడానికి పెద్దలతో పాటు సుబ్బరాయుడు గారూ వచ్చారు. ఆయన నాటిన వేపమొక్కకు నీళ్లందించే పని లింగమ్మ మీద పడింది. సన్నగా తుంపర పడుతోంది. ఆయన ఆమెను చూసీ చూడనట్టు మట్టి సర్దుతున్నారు. లింగమ్మ బిందె వంచి, నెమ్మదిగా అడిగింది.

"సారూ, మేము మీ తాన్కి వచ్చినమా, లేకుంటె నాకు కల వడ్డదా? గదొక్కటి చెప్పున్రి. పోస్టు సంగతి అడుగుతలేను."

చుట్టూ ఉన్నవాళ్లు ఇటు తిరిగారు. ఆయన ఆమె ముఖంలోకి చూశారు. ఆ అడగడంలో కోపం లేదు. దారి తప్పిన మనిషి దారి అడిగినట్టుంది.

"కల కాదమ్మా" అన్నారు. "మీరొచ్చారు, నేను విన్నాను. తర్వాత లేదని చెప్పింది నేనే."

ఇన్నయ్య ముందుకొచ్చాడు. "మరి మాకట్ల చెప్తిరేంది సారూ?"

"అంతకు ముందు మీరూ వచ్చారు కదా ఇన్నయ్యా. ఆడవాళ్లకు పోస్టులిస్తే మీ పిల్లలకు మిగలవన్నారు. అది వీళ్లకు చెప్పలేదు, వీళ్లది మీకు చెప్పలేదు. ఇద్దరికీ మంచివాణ్ణి కావాలనుకున్నాను."

లింగమ్మ బిందె కింద పెట్టింది. ఆమెకు ఏడుపొచ్చింది. అది బాధో, తేలికో ఆమెకే తెలియలేదు.

"ఇన్నయ్యన్నా, గా ముచ్చట నా మొకం మీదనే అనొద్దా?" అంది. తర్వాత ఆఫీసరు వైపు తిరిగింది. "ఇగ ఎవలు కలిసినా, ఏం మాట్లాడినా బైట గోడకు రాసి పెట్టున్రి సారూ. సదువొచ్చినోళ్లు సదివి మాకు చెప్తరు."

ఆయన ఆమె చెప్పినట్టే చేశారు. గది బయట ఒక నల్లబల్ల వెలిసింది. ఎవరొచ్చారో, ఏమడిగారో దాని మీద సుద్దతో రాసేవారు. ఆ బల్ల చదవడానికే అరుంధతి ఆడవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లేది. మొదటిసారి వెళ్లిన రోజు ఆమె లింగమ్మ చెయ్యి పట్టుకుని, "ఆ రోజు నీ పక్కన నిలబడాల్సింది నేను" అంది. లింగమ్మ ఆ చెయ్యి వదల్లేదు.

చలికాలంలో కొందరు ఆడవాళ్లకు పోస్టులొచ్చాయి. లచ్చవ్వకు వచ్చింది. లింగమ్మకు రాలేదు. మరుసటేడు, అరవై తొమ్మిదిలో, ప్రత్యేక తెలంగాణ ఉద్యమం రేగి కాలేజీలు మూతపడ్డాయి. సుబ్బరాయుడు గారు బదిలీ అయి వెళ్లారు. కొత్తగా వచ్చినాయన నల్లబల్ల తీయించేశాడు.

కుర్రాళ్లు లేని క్యాంపస్‌లో లింగమ్మ ఒక్కతే నీళ్లు పోస్తుంటే, ఒక పొద్దున ఇన్నయ్య వచ్చాడు.

"ఆఫీసుకు పోతున్న, మావోని నౌకరీ కోసం" అన్నాడు. "నువ్వు గూడ రా. నాది నీ ముంగటనే అడుగుత, నీది నా ముంగట అడుగు."

లింగమ్మ పైపు కట్టేసి, కొంగుకు చేతులు తుడుచుకుంది. రాలిన తురాయి పూల మీదుగా ఇద్దరూ తార్నాక బస్టాపు వైపు నడిచారు.