నాలుగు నీళ్ళ సొర

తెల్లవారుతూనే కొళాయి కింద రెండు గిన్నెలు పెట్టడం అక్కకు రెండున్నరేళ్ళ అలవాటు. ఒకటి సొరచేప ముక్కలు కడగడానికి, రెండోది నానబెట్టడానికి. మొదటి నీళ్ళకు నెత్తురు పోవాలి. రెండోసారి ఉప్పునీళ్ళు, మూడోసారి నిమ్మకాయ పిండిన నీళ్ళు, నాలుగోసారి ఉత్తనీళ్ళు. ఒక్క నీళ్ళు తగ్గినా, ఎంత బాగా వండినా, గిన్నె మూత తీయగానే కళ్ళు మండే ఘాటు కొడుతుంది. బజారులో చేపలమ్మే ఆవిడ కూడా కొత్తగా సొర కొన్నవాళ్ళను, “ఎలా కడగాలో నాలుగు నీళ్ళ అక్కనడగండి” అని ఈ గుమ్మంలోకే పంపేది. ఆ పేరు వింటే అక్కకు లోపల్లోపల గర్వంగానే ఉండేది. “నా నీళ్ళలో పడితే సముద్రానికే శుభ్రత వస్తుంది” అనేది.

గిన్నెలు ఇప్పుడూ రెండే. తినే మనిషే మారాడు. భర్త పోయి ఏడు నెలలైంది. ఇప్పుడా ముక్కలు గోడ అవతల ఉన్న చెల్లెలి ఇంటికి, చెల్లెలి మొగుడి కంచంలోకి పోతున్నాయి.

భర్త ఐసు కర్మాగారంలో దిమ్మలు మోసేవాడు. ఊపిరితిత్తులు పాడై, చివరి రెండేళ్ళూ ముల్లు తీసుకుని చేప తినే ఓపిక కూడా లేకపోయింది. ఆసుపత్రిలో ఒక నర్సు అక్కను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది. “కండ కరిగిపోతోందమ్మా ఆయనకు. సొర పెట్టు. అంతా కండే, కొవ్వు తక్కువ. ముల్లుండదు, మధ్యలో మెత్తటి ఎముక ఒక్కటే, అది తీసేస్తే సరి. కానీ వారానికోసారి చాలు. పెద్ద చేప కదా, చిన్న చేపల్ని తిని తిని వాటి ఒంట్లోని పాదరసమంతా తన ఒంట్లో దాచుకుంటుంది. ఇంట్లో కడుపుతో ఉన్నవాళ్ళుంటే మాత్రం అసలు పెట్టొద్దు, పసిపిల్లలకీ వద్దు.”

“మా ఇంట్లో ఆ భాగ్యం లేదులే తల్లీ” అంది అక్క. పిల్లలు లేరు ఆవిడకు. మంచిదన్నాక కొలత దేనికని వారానికి మూడు నాలుగు సార్లు పెట్టింది. ఎంత పెట్టినా మనిషి నిలవలేదు. వదులైపోయిన చొక్కాల్ని రెండుసార్లు కుట్టి బిగించింది. మూడోసారి సూది తీయవలసిన అవసరం రాలేదు.

ఆయన పోయిన రెండు నెలలకు చెల్లెలి మొగుడికి కడుపులో ఆపరేషన్ జరిగింది. మంచం దిగలేని మనిషై ఇంటికొచ్చాడు. “అక్కా, బావకు చేసినట్టే చేసి పెట్టవే, నా చేతికి ఆ వాసన పోవడం లేదు” అని చెల్లెలు ఏడ్చింది. తోడబుట్టినది అలా అడిగితే కాదని ఎలా అంటుంది?

అతను లేచాడు. మొదట మంచంలో కూర్చున్నాడు. తర్వాత గోడ పట్టుకున్నాడు. ఒకరోజు గోడ వదిలేసి, తన చెంబు తానే తెచ్చుకుని కొళాయి దగ్గరికి వచ్చాడు.

“చూశావా వదినా, నీ చేతి చలవ! ఇంకో నెలకి నిన్నెత్తుకుని తిరుగుతా.”

“ముందు ఆ చెంబు ఒలకకుండా ఎత్తు మరిదీ” అని అక్క నవ్వింది.

నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది. అదే కత్తి, అదే గిన్నె, అవే నాలుగు నీళ్ళు. తన మనిషిని లేపని చేప పక్కింటి మనిషిని ఎలా లేపింది? ఎవరినడగాలి ఈ మాట? పైగా చెల్లెలు పొద్దున్నే గోడ మీంచి తల పెట్టి, “చొక్కాలు పట్టడం లేదే అక్కా, బొత్తాలు జరపాలి, చావొచ్చిపడింది” అని విసుక్కుంటుంది. ఆ విసుగులో ఎంత సుఖముందో దానికి తెలియదు. అక్కకు తెలుసు.

అంతలో చెల్లెలి కూతురు అత్తవారింటి నుంచి వచ్చింది. అయిదో నెల. తండ్రి కంచంలోంచి ఒక ముక్క తీసి నోట్లో వేసుకుని, “పెద్దమ్మా! వాంతి రాకుండా నేను తింటున్నది ఇదొక్కటే” అని మరో రెండు పెట్టించుకుంది.

నర్సు మాట అక్కకు ఆ క్షణానే గుర్తొచ్చింది. నోటిదాకా వచ్చింది కూడా. అటు చూస్తే మరిది భోజనం చేస్తున్నాడు, కూతురు కడుపు మీద చెయ్యి వేసుకుని నవ్వుతోంది, మధ్యలో చెల్లెలు వడ్డిస్తోంది. అన్నీ ఉన్నవాళ్ళకు తన మాట ఒక్కటే తక్కువైందా అనిపించింది. నోరు మూసుకుని ఇంటికొచ్చింది. రెండో రోజూ మూసుకుంది. మూడో రోజు ముక్కలు కడుగుతూ కడుగుతూ మధ్యలో ఆపేసింది. ఆ పిల్ల ఏం చేసింది తనకు? పుట్టినప్పుడు మొదట ఎత్తుకున్నది తనే కదా?

నాలుగో రోజు పొద్దున్నే వెళ్ళి, గుమ్మంలో నిలబడే, నర్సు చెప్పిందంతా చెప్పేసింది.

చెల్లెలు కూరగాయలు తరగడం ఆపింది. “ఇది నీకెప్పుడు తెలుసు?”

“అప్పుడే. మీ బావ ఆసుపత్రిలో ఉన్నప్పుడు.”

“మూడు రోజులుగా పిల్ల తింటుంటే చూస్తూ కూర్చుని, ఇవాళ చెబుతున్నావా? నిజమే అయితే మొదటిరోజే చేతిలోంచి లాగేసేదానివి కదే!”

అక్క కొంగుతో చేతులు తుడుచుకుంది.

“ఒక్క మాటంటాను, ఏడవకు. మా ఆయన లేచాడని నీకు కడుపుమంట. నాకు కనబడటం లేదనుకున్నావా? ఇప్పుడు పిల్ల నోటికాడ కూడు కూడా నీకు ఓర్వబుద్ధి కావడం లేదు.”

“కడుపుమంట ఉంది. లేదని ఎప్పుడన్నాను? అది వేరు, ఇది వేరు. పిల్లకు పెట్టకు.”

“నీ నాలుగు నీళ్ళకు పోనిది ఏముందే? నువ్వే కదా సముద్రానికే శుభ్రత అనేదానివి!”

“నీళ్ళతో పోయేది వాసన. ఆ పాదరసం కండలోనే ఉంటుందట. కడిగినా పోదు, ఉడికినా పోదు.”

లోపలి నుంచి మరిది అన్నాడు, “పెద్దావిడ చెబుతోంది కదా, రెండు రోజులు మానేస్తే పోలా?”

“మీరూరుకోండి! పిల్ల మరేదీ తినడం లేదు.”

కూతురు ఇద్దరి మధ్యకూ వచ్చింది. “అబ్బబ్బా, సోమవారం డాక్టరమ్మ దగ్గరికి వెళ్తున్నాగా, అడుగుతాలే. అప్పటిదాకా తింటే ఏమవుతుంది పెద్దమ్మా?”

సోమవారానికి ఇంకా నాలుగు రోజులున్నాయి. ఏమవుతుందో అక్కకూ తెలియదు. తెలియకపోవడమే ఆవిడను నిలవనివ్వలేదు.

మర్నాడు చెల్లెలు బజారు నుంచి ఒక సొర పిల్లను తెచ్చి, మాట్లాడకుండా అక్క గుమ్మంలో పళ్ళెంలో పెట్టింది. “ఈయన్ని మళ్ళీ చూపించడానికి ఆసుపత్రికి వెళ్తున్నాం. మధ్యాహ్నానికి కడిగి పెట్టు. నీకిష్టం లేకపోతే నువ్వు తినకు” అని మొగుణ్ణి తీసుకుని వెళ్ళిపోయింది.

అక్క పళ్ళెం వంక చూసింది. వెంటనే నెత్తురు తీసి నీళ్ళలో వేయకపోతే సొర ఎంతసేపో ఆగదు. అది ఆవిడ కంటే ఎవరికి బాగా తెలుసు? పళ్ళెం అక్కడే వదిలేసి, కొంగు దోపుకుని బజారుకు నడిచింది. గుప్పెడు గుప్పెడు చిన్న చేపలు ఏరి తెచ్చింది. కొళాయి దగ్గర కూర్చుని ఒక్కొక్కదాని తల తుంచి, కడుపు తీసి, కడిగి, వండి, మరిది వాటాలో ముల్లు ముల్లూ ఏరింది. వేళ్ళకు గుచ్చుకున్నాయి. ఏరుతున్నంతసేపూ, తిని ఇంకా లావెక్కుతాడు కాబోలు అని ఏడుస్తూనే ఏరింది. పిల్ల గిన్నెలో నిమ్మకాయ ఎక్కువ పిండింది.

ఎండ గుమ్మంలోకి వచ్చేసరికి పళ్ళెంలోంచి ఘాటు లేచింది. పడుకుని లేచిన కూతురు ముక్కు మూసుకుంటూ వచ్చింది.

“ఛీ! పెద్దమ్మా, మర్చిపోయావా?”

“లేదమ్మా. నీ గిన్నె లోపలుంది, వేడిగా ఉన్నప్పుడే తిను.”

పిల్ల లోపలికి వెళ్ళి మూత తీసి, నిలబడే ఒక ముద్ద తిన్నది. రెండోది కూడా తిన్నది. అప్పుడే వీధి మలుపులో చెల్లెలు కనబడింది. వాసన దానికి అక్కడికే అందినట్టుంది, మొగుడి చెయ్యి వదిలేసి గబగబా వచ్చింది.

“అయ్యయ్యో, ఇంకా ఒక్క నీళ్ళయినా పోయలేదా? ఇప్పుడైనా పొయ్యవే, సగమైనా దక్కుతుంది!”

అక్క గుమ్మంలోనే కూర్చుంది. పక్కనే రెండు గిన్నెలు బోర్లించి ఉన్నాయి. వాటిని తిప్పలేదు.