రాజావారి ఫౌంటెన్‌కు మోటారు

రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు, ఒక ఏప్రిల్‌లో, నన్ను విశాఖలో తోటల విభాగానికి డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా వేశారు. వెళ్లగానే అప్పగించిన పని, ఒకప్పటి రాజావారి తోటలో ఎండిపోయిన ఫౌంటెన్‌ను మళ్లీ పనిచేయించడం.

మూడంతస్తుల పాలరాతి ఫౌంటెన్ అది. కట్టిననాడు ఊళ్లో కరెంటు లేదు. వెనక కొండ మీద తొట్టి కట్టి, ఇనపగొట్టంలో నీళ్లు కిందికి దించారు. ఆ ఎత్తు ఇచ్చే ఒత్తిడికే నీళ్లు పైకి చిమ్మేవి. గొట్టాల అతుకులు సీసం పోసినవి. వాటిని తాతల నాటి నుంచీ చూసుకుంటున్నది పాత ఊళ్లోని ఖాదర్ భాయ్ కుటుంబం. ఈసారీ అతుకులు పోసింది ఆయనే.

మోటారు పెడదామని ఎస్టిమేటు రాసింది మాత్రం నేను. ఎస్టిమేటులో ప్రతి పనికీ సర్కారు రేట్ల పుస్తకంలో ఒక నంబరుండాలి. మోటారుకు ఉంది. కొండ మీది పాత తొట్టి బాగుచెయ్యడానికి లేదు. నంబరు లేని పని పెడితే ఫైలు వెళ్లినదారినే తిరిగొస్తుంది.

ఖాదర్ భాయ్ మోటారు చూసి తల పట్టుకున్నాడు. "ఏటి సార్ ఇది? మోటారు దెబ్బకి సీసం అతుకులు ఆగుతాయేటి? కొండమీద తొట్టి కడిగించండి, సాలు."

నిజమేనని నాకూ తెలుసు. తెలిసి కూడా, "పుస్తకంలో లేదు భాయ్" అన్నాను. ఆ మాట తలుచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

ట్రయల్ రోజు స్విచ్ వేసిన నిమిషానికే లోపల అతుకు ఊడింది. నడిమి పాలరాతి స్తంభం నిలువునా చీలింది. విచారణకు వచ్చిన అధికారి, అతుకుల్లో నాణ్యత లేదని తేల్చేశాడు. మోటారు సరైన నంబరు కింద కొన్నది కనక దానిలో తప్పుండదట! ఖాదర్ భాయ్‌కి ఇకమీదట మా పనులేవీ ఇవ్వకూడదని ఉత్తర్వు వచ్చింది. తప్పు నాది, ఆయన ముందే చెప్పాడు అని ఆ అధికారి గదిలో గొంతు చించుకున్నాను. అధికారి చల్లగా, ఖాదర్ చెప్పినట్టు కాగితం ఉందా అని అడిగాడు. లేదు.

ఖాదర్ భాయ్ నన్ను తిట్టలేదు. "ఆయేళ నా మాట రాసేసుంటే సరిపోయీది కదా సార్" అన్నాడంతే.

నేర్చుకున్నది ఇదీ. పనివాడు చేసిన హెచ్చరికను ఆ రోజే అతని పేరుతో ఫైలుకెక్కించాలి. పైవాళ్లు కాదంటే, కాదన్నట్టయినా కాగితం మిగులుతుంది. ఆ ఫైలులో మోటారు పేరు పేజీ పేజీకీ ఉంది. ఖాదర్ పేరు ఒక్కచోటే ఉంది, తప్పు చేసినవాడిగా.