జారిపడనివాళ్ల బొమ్మలు

పెదపాడు దగ్గర చేపల చెరువుల గట్ల మీద దిష్టిబొమ్మలు కట్టే హన్నమ్మ ఆరో తరగతిలోనే బడి మానేసింది. నలుగురిలో నోరు విప్పే మనిషి కాదు. అక్క రూతమ్మ చెరువులో శవమై తేలినప్పుడు, గట్టు మీంచి జారిపడిందని బావ ఎలీయాజరు చెబితే ఊరంతా తలూపింది. ముందురోజే అక్క వీపు మీద వాతలు చూసిన హన్నమ్మ కూడా ఏమీ అనలేకపోయింది. కాదని ఎవరో ఒకరు పైకి అంటే చాలనుకుంటూ రెండేళ్లు గడిపింది.

2004 వేసవిలో గడ్డితో ఆడమనిషి బొమ్మ చేసి, అక్క చీర కట్టి, రోడ్డు పక్కనున్న ఒక చెరువు గట్టు మీద నిలబెట్టింది. మెడలో రేకు ముక్క: "రూతమ్మ, 26. జారిపడలేదు."

జనం చదివి, చదవనట్టు వెళ్లిపోయారు. చేపల్ని ఎత్తుకుపోయే నీటికాకులు మాత్రం ఆ చెరువు మీద వాలడం మానేశాయి.

పక్క చెరువు సుబ్బరాజుగారు తనకూ ఒకటి కావాలన్నారు. పేరు లేనిదే కట్టనంది హన్నమ్మ. ఏదో ఒక పేరు రాసెయ్యమన్నారాయన.

"అలా కుదరదండీ. ఇంట్లోవాళ్ల చేతిలో పోయినావిడ కావాలి."

ఆయన రెండ్రోజులు ఆలోచించి వచ్చి, స్టవ్ పేలి పోయిందని చెప్పుకునే తన మేనత్త కోడలి పేరిచ్చారు. ఆ పూట ఇంట్లో అసలు స్టవ్వే వెలిగించలేదట.

ఆ బొమ్మకీ పిట్టలు బెదిరాయి. ఇక గుండుగొలను నుంచి కూడా రైతులు రావడం మొదలెట్టారు. రెండు చెరువులున్నాయన ఇద్దరి పేర్లు తెచ్చాడు. ఒకే మనిషి కోసం ఇద్దరు రైతులు తగువుపడ్డారు. ఆవిడ పుట్టింది మా ఊళ్లోనని ఒకడు, ఆవిణ్ణి చంపింది మా ఊళ్లో కదండీ అని ఇంకొకడు.

అన్ని చెరువుల పిట్టలూ చివరికి బొమ్మ లేని ఒకే ఒక్క చెరువు మీద పడ్డాయి. అది ఎలీయాజరుది.

అతనూ వచ్చి హన్నమ్మ ఇంటి ముందు వరసలో కూర్చున్నాడు. రూతమ్మ పేరే రాయమన్నాడు.

"ఎలా పోయింది బావగారూ?"

"జారిపడింది."

హన్నమ్మ తర్వాతి వాళ్లను రమ్మంది.

మర్నాడు, మాటా మాటా అనుకున్నాక జారిపడిందన్నాడు. ఆ మర్నాడు, చెయ్యి చేసుకున్న మాట నిజమేగానీ జారడం కూడా జారిందన్నాడు. అప్పటికి అతని చెరువులో సగం చేప ఖాళీ. నాలుగో రోజు వరసలో పదకొండు మంది ఉండగా, తలెత్తకుండా అన్నాడు.

"నేనే తోశాను. పైకి రాబోతే మళ్లీ తోశాను. ఇక కట్టు."

అతను చెప్పింది చెప్పినట్టు హన్నమ్మ రేకు మీద రంగుతో రాసి, కింద అతని చేత సంతకం పెట్టించింది. రేకు ఆరేదాకా ఒళ్లో పెట్టుకుని కూర్చోమంది. పదకొండు మందిలో ఒక్కరూ లేవలేదు. ఆ వరసలోనే ఉన్న సుబ్బరాజుగారు సెల్‌ఫోన్ తీసి ఎస్సైగారికి చేశారు.

జీపు వచ్చేసరికి రంగు ఇంకా తడిగానే ఉంది.