స్వామిదాసు సారు ఒక్క కోసు

స్వామిదాసు సారుకు దూరమంటే ఒకటే కొలత: చేవెళ్ల నుంచి మొయినాబాదు. ఏ చుక్క పేరెత్తినా, అక్కడికి పోవడమంటే ఈ రోడ్డు మీద ఎన్ని మార్లు పోయినట్టో చెప్పందే ఆయనకు అన్నం సహించదు. మా బడి సైన్సు సారు. నేను డిగ్రీ మధ్యలో వదిలేసి బలాదూరు తిరిగేవాణ్ణి. నన్ను ఆపి లెక్క చెప్పే ధైర్యం ఊళ్లో ఆయనొక్కడికే ఉండేది.

అరవై తొమ్మిదిలో మనుషులు చంద్రుడి మీద దిగారని రేడియో చెప్పిన రోజు, జంగయ్య చాయ్ హోటల్లో అందరూ నోళ్లు తెరిచారు. సారు మాత్రం తాపీగా, మొయినాబాదుకు ఇరవై రెండు వేల మార్లు పోయినంత అని తేల్చేశాడు.

“వచ్చుడు గూడ కలిపినవా సారూ?” అన్నాడు జంగయ్య.

“లేదు. పోవుడే. వచ్చుడు ఫికర్ వాళ్లది.”

సూర్యుడైతే ఎనభై అయిదు లక్షల మార్లు. ఒక్క మైలు తేడా వచ్చినా ఆయన ఒప్పుకోడు. కాంతి సంవత్సరం అంటే కాలమని నేనొకసారి అన్నందుకు, “అది దూరంరా గాడిదా” అని, ఆ తర్వాత వారమంతా నన్ను ఆ పేరుతోనే పిలిచాడు.

ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం నడుస్తున్న రోజులు. బడికి తాళం, బస్సులు బంద్. నాట్ల కాలం కాబట్టి ఎడ్లబండ్లన్నీ చేలల్లోనే. ఓ పొద్దున్నే బాలనర్సమ్మవ్వకు కబురొచ్చింది: మొయినాబాదులో ఆమె బిడ్డకు నొప్పులు మొదలయ్యాయి, తొలి కాన్పు. అవ్వకు మోకాళ్ల నొప్పులు, ఎప్పుడూ బస్సులో కునుకు తీస్తూ పోయిందే తప్ప ఆ దారి నడిచి ఎరగదు. ఎంత దూరమని సారునే అడిగింది.

“వెలుగుకైతే సెకనుల పదిహేడు వేలో వంతు, అవ్వా.”

“నేను వెలుగునా సారూ? కోసుల్ల చెప్పు.”

సారు ఆమె మోకాళ్ల వంక చూశాడు. “ఒక్క కోసు. లే, పోదాం.”

నిజానికి అయిదున్నర కోసులు, అంటే పదకొండు మైళ్లు! నేను నోరు తెరిచేలోపు అవ్వ మూట నా నెత్తిన పెట్టాడు.

నడిచాం. అవ్వ ఎక్కడ కూలబడి అడిగినా, సారు నోట ఇంకొక్క కోసే. దారిలో రోడ్డుకు అడ్డంగా కూర్చుని నినాదాలిస్తున్న విద్యార్థులు మాకు నీళ్లిచ్చారు. అవ్వ వాళ్లనూ అడిగింది. సారు ఆమె వెనక నుంచి వాళ్లకు ఒక వేలు చూపించాడు. అందరూ ఒకే గొంతుతో, “ఒక్క కోసే అవ్వా” అన్నారు. వింటే మరో నినాదమనుకోవాలి.

“సారూ, లెక్క తప్పుతున్నది,” అన్నాను మెల్లగా.

“అవ్వ మోకాళ్లకు ఇంతకన్న పెద్ద లెక్క పట్టదు. నడువుర గాడిదా.”

దీపాలు పెట్టే వేళకు చేరాం. అవ్వ లోపలికి పోయిన కాసేపటికి పసిపిల్ల ఏడుపు వినిపించింది. ఆ మూట మోసింది నేనేనని ఇప్పటికీ అందరికీ చెప్పుకుంటాను. అవ్వ బయటికొచ్చి, సారు చెప్పినట్టు ఒక్క కోసేనని, కాకుంటే జర సాగిందని వియ్యపురాలికి చెప్పి, నా వంక చూసి కన్నుగీటింది.

మర్నాడు తిరుగుదారిలో నా కాళ్లు పీకేశాయి. ఇంకెంత దూరమని సారును అడిగాను.

“చందమామ దూరంల నలభై నాలుగు వేలో వంతు,” అన్నాడు వెనక్కి తిరక్కుండానే. లెక్క కట్టి చూశాను. సరిగ్గా సగం దారి. నాకు మాత్రం గజం కూడా తగ్గించలేదు.