జీన్సు తొడిగిన కంప్యూటరు

మొన్న మా అమ్మాయి తన కంప్యూటరు పక్క మూత విప్పగానే వేడెక్కిన దుమ్ము వాసన గుప్పున కొట్టింది, నేను తిన్నగా రాయదుర్గంలోని మా ఇంటి ముందరి గదిలోకి వెళ్లి పడ్డాను. కాకపోతే అక్కడ ఆ వాసనలో కొత్త జీన్సు గుడ్డ ఘాటు, మిషన్ నూనె, మధ్యాహ్నం అమ్మ వేయించే చెనిక్కాయల కమ్మదనం కూడా కలిసి ఉండేవి. నాయన ఇంట్లోనే ప్యాంట్లు కుట్టేవాడు. నీలం నూగు మా దిండ్ల మీద, కంచాల మీద, ఉగాది ఓళిగల మీద కూడా వాలేది, మేము నేతితో పాటు దాన్నీ తినేసేవాళ్లం.

అక్క కంప్యూటరులో ప్యాంట్ల నమూనాలు గీయడం నేర్చుకుంది. రోజూ బస్సెక్కి బళ్లారి పోయి పని చేస్తానంటే నాయన ససేమిరా అన్నాడు. ఇంట్లోనే చేసుకునేట్టయితే సరేనన్నాడు. అంటే కంప్యూటరు ఆగితే అక్క పనీ ఆగినట్టే. అందుకే కంప్యూటరు డబ్బా, అదే క్యాబినెట్టు, పెద్దదే కావాలని పట్టుబట్టింది: లోపల గాలి ఆడుతుంది, మా ఎండలకు తట్టుకుంటుంది, చెయ్యి పెట్టి నూగు తుడవచ్చు, రేపు ఇంకేదైనా బిగించాలన్నా చోటుంటుంది. మోయలేని బరువు, ఉన్న కాస్త చోటూ మింగేస్తుంది అని నాయన గొణుగుడు.

"క్యాబినెట్టంటే మంత్రులుండేది కదా? పెద్దదే తెచ్చుకో, మనోనికీ ఒక సీటు దొరుకుతాది," అంది నాయన తల్లి, మా జేజి, వక్క దంచుకుంటూ. అందరం పకపకా నవ్వాం, ఆ నవ్వులోనే పెద్దది ఖాయమైంది.

అది దిగిన రోజు పక్కింటాయన వచ్చి "ఏమప్పా, ఇది కంప్యూటరా, బీరువానా?" అన్నాడు. ఇంట్లో గాలి తగిలేది వాకిలి పక్కన ఒక్కచోటే, అది జేజి పడక. వానలు మొహం చాటేసే మా ఊళ్లో ఆ గాలే ఆమె ఆస్తి. కాబట్టి డబ్బాను మిషన్ల పక్క మూలకు నెట్టాం. నూగు పోకుండా నాయన మిగిలిన గుడ్డతో దానికి తొడుగు కుట్టాడు, రెండు జేబులు, జిప్పు, ఇత్తడి బొత్తాముతో సహా. దర్జీ ఇంట్లో పుట్టినందుకు దానికా భాగ్యం! వచ్చినవాళ్లందరికీ మురిసిపోతూ చూపించాం.

మొదటి ఆర్డరు మర్నాడు ఇవ్వాలనగా అది గుర్రుమని ఆగిపోయింది. అక్క ఏడుపు లంకించుకుంది. "నా పని పోయినట్టే నాయనా, ఇంక నన్నెవరు నమ్ముతారు?"

జేజి లేచి డబ్బా మీద చెయ్యి పెట్టింది. "ఒళ్లు కాలిపోతాంది. ఈ ఎండల్లో జీన్సు తొడిగినావే, నీకు బుద్ధుండాదా? విప్పు!" అని కొడుకును తిట్టి, తన చాప చుట్టేసింది. "ఈడ పెట్టుకో తల్లీ. గాలి దానికి కావల్ల."

"నువ్వు యాడ పడుకుంటావు జేజీ?"

"యాడో ఒకచోట. నాకేమన్నా ఆర్డర్లుండాయా?"

ఆర్డరు అందింది. జేజి వంటింటి గోడ పక్కకు మారింది, విసనకర్రతో. చలికాలం మాత్రం డబ్బా వెనక కూర్చుని, అది వదిలే వేడిగాలికి మోకాళ్లు కాచుకుంటూ "మంచి కుంపటి తెచ్చినారే" అనేది. ఆ పనితోనే అక్క ప్యాంట్లు కుట్టే సొంత షెడ్డు పెట్టుకుంది.

ఇప్పుడు అక్క కంప్యూటరు పలకంత పలచన. ఇంట్లో మిషన్ల చప్పుడు లేదు, నూగు లేదు, జేజీ లేదు. పోయిన ఎండాకాలం ఆ డబ్బాను పాత సామాన్లవాడికి ఇచ్చేశాక, అక్క వాకిలి పక్కన ఊడ్చి, అలసిపోయి అక్కడే నడుం వాల్చింది. తర్వాత కళ్లు తుడుచుకుంటూ అంది:

"ఇంత గాలొస్తాందే ఈడ. ఇంత గాలి జేజి ఇచ్చేసినాదా మనకు!"