విమానంలో చెరిపేసిన ఫోటో

మీ ఇంట్లో ఉన్న పత్తి విత్తనం మొలుస్తుందని మీకు ఎవరు చెప్పారు? సంచి మీదున్న బొమ్మేనా?

సువార్త కూటాల్లో దేవుని వాక్యం చెప్పడానికి ఈ ఉదయం గన్నవరం నుంచి హైదరాబాదుకు విమానంలో వెళ్లాను. పక్క సీట్లో ఒక పత్తి విత్తనాల కంపెనీ ఆఫీసరు మీటింగు కోసం ల్యాప్‌టాప్‌లో ఫోటోలు సర్దుకుంటున్నాడు. ఒక ఫోటోలో మొలక పరీక్షకి గింజలు నాటిన ట్రే నిండా తడిమట్టి ఉంది, మొలకలు మాత్రం నాలుగో ఐదో. దాన్ని చెరిపేశాడు.

"అదేంటి బాబూ, తీసేశావు?"

"మీకు అన్నీ కావాలి పెద్దాయనా! అది చూపిస్తే నా ఉద్యోగం ఉంటదా అండీ?"

"మరి ఆ విత్తనం?"

"మొన్ననే పోయిందండీ, చిలకలూరిపేట షాపులకి."

కంపెనీ పేరు అడిగితే ల్యాప్‌టాప్ మూసి, కళ్లూ మూసుకున్నాడు. కిటికీలోంచి చూస్తే, దున్ని వాన కోసం ఉంచిన నల్లరేగడి కనిపించింది. నా ఒళ్లో బైబిలుంది. తమ్ముణ్ణి చంపిన కయీను పాపాన్ని నేల కడుపులో దాచుకోలేదు, నేలలోంచి ఆ రక్తం దేవుడికి మొరపెట్టింది. ఇక ల్యాప్‌టాప్ మూత ఎంత దాస్తుందండీ?

వాన పడేదాకా ఆగకండి. గుప్పెడు గింజలు తడిగుడ్డలో మూటకట్టి చూడండి. మొలవకపోతే సంచి మీదున్న కంపెనీ పేరు ఇక్కడే కింద రాయండి. మూట మాత్రం ఈ సాయంత్రమే కట్టండి!